వెనక పలక కదిలింది

పోయిన వారం మా ఇంట్లో ఒక తలుపు ధడాలున మూసుకుంది, అక్కడ ఆగాం. ఆ తలుపు మా మామయ్య చెక్కపని షెడ్డుది. వేసింది ఆయనే. కారణం, నడిపి చూడటానికి పెరట్లో నీళ్ళపీపాకి బిగించి ఉన్న ఒక పాత మోటారు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మాది ఒకే తెరచాప ఉన్న చిన్న పడవ. మామయ్య, అంటే మా ఆయన తండ్రి, తన చేతులతో కట్టారు. రేవు నుంచి ఎదురుగా ఉన్న దీవికి ఆస్పత్రి నర్సమ్మనీ, మందుల పెట్టెనీ చేరవేయడమే మా బతుకుతెరువు. పదిహేను రోజుల కిందట గాలి పడిపోయి, మా పడవ నడి నీళ్ళలో ఐదు గంటలు బొమ్మలా నిలబడిపోయింది. పెట్టెలో మందుల చుట్టూ వేసిన ఐసు కరిగి నీళ్ళయింది. రేవు ఆఫీసరు మమ్మల్ని పిలిపించాడు. “చాప తీసెయ్యమనడం లేదు. గాలి లేనప్పుడు ఒడ్డు చేరడానికి వెనక ఒక మోటారు ఉండాలంటున్నాను. గురువారం పదింటికి నా కళ్ళముందు నడిపి చూపించండి. లేదంటే ఈ పని వేరేవాళ్ళకిస్తాను,” అన్నాడు. మా ఆయన తోపుడుబండి మీద మోటారు తెచ్చారు. మామయ్య దాన్ని ఎగాదిగా చూసి “నా పడవకి వద్దు,” అన్నారు. తలుపు పడింది.

ఇంకో సంగతి, మీకు తప్ప ఎవరికీ తెలియదు. నాకు మూడో నెల. మా చిట్టి తరవాత ఒకటి నిలబడలేదు. అప్పుడు నెల తప్పగానే అందరికీ చెప్పుకుని మురిసిపోయాను. ఈసారి నోరు కుట్టేసుకున్నాను.

బుధవారం పొద్దున్నే మోటారుని రేవుకి తెచ్చి పడవ వెనక పలకకి తగిలించాడు స్పానరు బాబాయి. ఆయన మోటార్లు బాగుచేసే మనిషి. మాకు చుట్టం కాదు, కానీ రేవులో అందరికీ బాబాయే. రెండు పిడులు తిప్పి పలకని గట్టిగా కరిచేలా బిగించి, జారిపడినా నీళ్ళపాలు కాకుండా గొలుసు వేశాడు.

“చూడు నాయనా, చాప ఇంటి యజమాని. మోటారు అల్లుడు,” అన్నాడు మా ఆయనతో. “అవసరానికి పిలవాలి. పని కాగానే ఇదిగో, ఇలా కాళ్ళు, అంటే ఈ కింది పంకా, పైకెత్తి కూర్చోబెట్టాలి. గాలి మీద పోయేటప్పుడు కూడా నీళ్ళలో ఉంచావా, పడవని వెనక్కి పట్టి లాగుతూ ఉంటాడు.”

“మీ అల్లుడు అలాంటివాడా బాబాయ్?”

“మా అల్లుడికి కాళ్ళు దించడమే తెలీదు, ఏం చెప్పమంటావ్!”

మోటారు నుంచి ఒక ఎర్ర తాడు వేలాడుతోంది. నడిపే మనిషి మణికట్టుకి తగిలించుకోవాలట. మనిషి నీళ్ళలో పడితే తాడు ఊడి మోటారు దానంతటదే ఆగిపోతుందట. ఆ యంత్రం మొత్తంలో నాకు నచ్చింది అదొక్కటే. కనిపెట్టినవాడెవడో గాని నాలాగే భయస్తుడై ఉంటాడు.

మొదటిసారి వాళ్ళిద్దరే వెళ్ళారు. బాబాయి మోటారు పట్టుకున్నాడు. ఆయన పుల్లలా ఉంటాడు. మా ఆయన ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ఆయన చాప దింపడానికి ముందు కొసకి వెళ్ళగానే పడవ ముక్కు దిగింది, వెనక భాగం లేచింది. నీళ్ళలో తిరగాల్సిన పంకా గాలిలోకి వచ్చి కెవ్వుమంది. రేవులో గుడ్లగూబలా కూర్చున్న ప్రతివాడూ తల తిప్పి చూశాడు. వెంటనే వెనక్కి తిప్పుకొచ్చేశారు.

“వెనక బరువుండాలి,” అన్నాడు బాబాయి. “దీవికి పోయే రోజుల్లో నర్సమ్మ ఉంటుంది, సరిపోతుంది. రేపటి పరీక్షకి మాత్రం మీ ఇంటి మనిషే ఎవరో ఒకరు కూర్చోవాలి.”

మా ఆయన నా వైపు చూశారు. “ఎక్కు.”

“నేనెందుకండీ?”

“నువ్వు కాకపోతే చిట్టిని కూర్చోబెట్టమంటావా?”

గట్టు మీద అత్తయ్య చంకలో ఉన్న చిట్టి “నేనే, నేనే” అని చేతులు చాపింది. అత్తయ్య దాన్ని గట్టిగా అదుముకుంది. ముప్పై ఏళ్ళు పడవవాడి భార్యగా బతికి, ఇప్పటివరకూ పడవలో కాలు పెట్టని మనిషి ఆవిడ. “మీరు మునగండి, నేను గట్టునుండి ఏడుస్తాను,” అంటూ ఉంటుంది.

ఎక్కాను. వెనక పలకకి ఆనుకుని, ఒక చెయ్యి పొట్ట మీద, ఒక చెయ్యి పడవ అంచు మీద పెట్టుకుని కూర్చున్నాను. పెట్రోలు వాసనకి ముఖం పక్కకి తిప్పుకున్నాను. ఈసారి చాప దిగినా పంకా పైకి రాలేదు. మా ఆయన ముందు నుంచి బొటనవేలు ఎత్తి చూపించారు. బాబాయి జోరు పెంచాడు.

అప్పుడు చూశాను. మోటారు బిగించిన చోటికి జానెడు కింద, నీలం రంగు మీద వెంట్రుకంత గీత. జోరు పెంచితే తెరుచుకుంది. తగ్గిస్తే మూసుకుంది. మళ్ళీ పెంచాడు. మళ్ళీ తెరుచుకుంది.

“ఏవండీ, ఈ పలక కదులుతోంది.”

మా ఆయన వచ్చి, వేలితో రుద్ది, “ఎండకి రంగు పగిలింది. నీకు గోరంత కనపడితే కొండంత,” అన్నారు. బాబాయి కూడా వంగి చూశాడు గానీ, అప్పటికి మోటారు ఆగిపోయి ఉంది. ఆగిన మోటారు దగ్గర ఏ పలకైనా బుద్ధిగానే ఉంటుంది.

ఇంటికొచ్చాక తిన్నగా షెడ్డు దగ్గరికి వెళ్ళాను. నాకూ మామయ్యకీ మధ్య నడిచే మాటలు మూడే: కాఫీ, మందులు, భోజనం. అవి కూడా గుమ్మం బయటి నుంచే. ఆ రోజు గుమ్మం దాటాను. ఆయన రంపానికి నూనె రాస్తున్నారు.

“మామయ్యా, పడవ వెనక పలక కదులుతోంది.”

చెయ్యి ఆగింది. “ఎవరన్నారు?”

“ఎవరూ అనలేదు. నేను చూశాను. మోటారు తోసినప్పుడల్లా ఒక గీత తెరుచుకుంటోంది.”

“రంగు పగిలి ఉంటుంది.”

“మీ అబ్బాయీ అదే అన్నారు. రంగు పగిలితే పగిలినట్టే పడుంటుంది మామయ్యా. నోరు తెరిచి మూయదు కదా.”

ఆయన తలెత్తారు. “చదివింది తొమ్మిదో తరగతి. అదీ సగమే. నా చెక్క గురించి నాకు చెప్పొచ్చావా?”

ఇంకో రోజైతే కళ్ళనీళ్ళు పెట్టుకుని వెనక్కి వచ్చేసేదాన్ని. “చెక్క గురించి నాకేమీ తెలీదు. గీత గురించే చెబుతున్నాను. రేపు దాని పక్కన కూర్చునేది నేనే.”

ఆయన రంపం పక్కన పెట్టారు. గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు.

“తలుపు దగ్గరగా వెయ్యి.”

వేశాను.

“అది మంచి చెక్క కాదు,” అన్నారు. “రెండు పలచటి బద్దలు. అతికించి, మూడు పూతల రంగు కొట్టాను. లోపల చేవ లేదు.”

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. రేవులో కొత్త పడవ దిగాలంటే ముందు మామయ్యని పిలుస్తారు. ఆయన వేలితో తట్టి సరే అంటేనే నీళ్ళలోకి తోస్తారు. ‘మనిషితో అబద్ధమాడితే మనిషి క్షమిస్తాడు, చెక్కతో ఆడితే నీళ్ళు క్షమించవు’ అని మా ఆయనకి చిన్నప్పటి నుంచి చెవినిల్లు కట్టుకుని పోరిన మనిషి.

“ఆ ఏడు వెనక పలక మార్చాలని మంచి చెక్క తెచ్చాను. నిండా చేవ. తడితే గంటలా మోగేది. ఆ వారమే నిన్ను ఆస్పత్రిలో చేర్చారు. చిట్టి ఏడో నెలలోనే వచ్చేసింది. నా అరచేతిలో పట్టింది, గుర్తుందా? గుడ్డ ఉయ్యాల పనికిరాదు, వీపు వంగకూడదు, గట్టి అడుగున్నది కావాలంది డాక్టరమ్మ. నెలన్నర అక్కడే ఉంచి, ఆ మాట చెప్పిన మర్నాడే ఇంటికి పంపిస్తామంది. నా దగ్గర ఉన్న చెక్క అదొక్కటే. కోత పెట్టేటప్పుడు ఏమీ ఆలోచించలేదమ్మాయ్. ఉయ్యాల అయిపోయాక ఆలోచించాను. అప్పటికి పని మొదలయ్యే రోజులొచ్చేశాయి, పడవ దించాలి. దొరికింది అతికించి రంగేశాను. చుక్కానిని మోసింది. మూడేళ్ళూ మోసింది. కానీ వెనక నుంచి తోసే మోటారుని మోయదు. అందుకే వద్దన్నాను.”

“ఆ మాట మీ అబ్బాయికి చెప్పొచ్చుగా!”

“ఏ మొహం పెట్టుకుని?”

నాకు కోపం వచ్చింది. నాకు మామయ్య మీద కోపం రాగలదని నాకే తెలియదు. “పది రోజుల నుంచి ఆయనతో మాట మానేశారు. మోటారు పెడితే పరువు పోతుందన్నారు, గాలిని నమ్మనివాడు కొడుకే కాదన్నారు. ఆయన అన్నం ముందు కూర్చుని కంచంలో గీతలు గీస్తున్నారు మామయ్యా! ఇదంతా ఒక పలక కోసమా? మరి మూడేళ్ళ నుంచి నర్సమ్మ ఆనుకుని కూర్చుంటున్నది ఏ పలకకి?”

“దానికే,” అన్నారు. “తెలుసు. ప్రతి ప్రయాణంలోనూ తెలుసు.”

ఆయన గోడ మీద సుద్దముక్కతో నాలుగు గీతలు గీశారు. “ఇది పలక. లోపల ఒక చేవచెక్క, బయట ఒక చేవచెక్క. మధ్యలో ఈ పనికిమాలినది. నాలుగు బోల్టులు మూడింటినీ గుచ్చి అవతలికి. అప్పుడు మోటారు తోపు బిగించిన చోటే పడదు, మొత్తానికి పంచుకుంటుంది.” ఒక్క గీత కూడా చెరపలేదు. ఈ బొమ్మ ఆయన బుర్రలో ఏనాడో గీసి ఉందన్నమాట. “చెక్క కూడా ఉంది. అటక మీద ఉయ్యాల. రెండు పక్కపలకలూ సరిగ్గా సరిపోతాయి. ఇంక దాంతో ఎవరికి పని? పద, దించుదాం.”

నేను కదలలేదు. నా చెయ్యి ఎక్కడుందో నాకు తెలియదు. ఆయన మాత్రం నా చేతి వైపే చూస్తున్నారు.

“ఎన్నో నెల?”

“మూడు నడుస్తోంది.”

“వాడికి తెలుసా?”

తల అడ్డంగా ఊపాను.

“మీ అత్తకి?”

“అత్తయ్యకి తెలిస్తే రేవుకి తెలిసినట్టే కదా మామయ్యా.”

పది రోజుల్లో మొదటిసారి ఆయన నవ్వారు. పళ్ళు కనిపించని నవ్వు, భుజాలు మాత్రం కదిలాయి. తరవాత సుద్ద పడేసి, “అయితే ఉయ్యాల కొయ్యను,” అన్నారు.

“కొయ్యండి.”

“అమ్మాయ్...”

“ఉయ్యాల మళ్ళీ చేస్తారు. దానికి ఆరు నెలల టైముంది. పలకకి రేపు పదింటి దాకానే ఉంది.”

ఆయన నన్ను నిచ్చెన ఎక్కనివ్వలేదు. తానే ఎక్కి దించారు. పక్కపలక మీద ఆయనే వేసిన చేపబొమ్మ ఉంది. దాన్ని ఉప్పుకాగితంతో నేను గీకేశాను. కొంచెం ఏడ్చాను గాని, చెయ్యి ఆపలేదు.

సాయంత్రం రేవులో మామయ్య బోల్టులు బిగిస్తుంటే మా ఆయన పెట్రోలు డబ్బాతో వచ్చి కొయ్యబారిపోయారు. “నాన్నా? మోటారుకి మెత్త వేస్తున్నావా?”

“నీ మోటారుకి కాదు. నా పడవకి.”

“ఏదో ఒకటి. రేపు మోటారు నువ్వే నడుపుతావా?”

“నా పడవని ఇంకొకడు ఎందుకు నడుపుతాడు?”

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి నాలుగో కాలు చూపించాడన్నట్టు మా ఆయన నా వైపు చూసి కళ్ళెగరేశారు. నేను నట్లు వెతుకుతున్నట్టు తల దించుకున్నాను. మామయ్య గుట్టు నా దగ్గర, నా గుట్టు మామయ్య దగ్గర. మధ్యలో ఏమీ తెలియని ఆ మనిషి ఈల వేసుకుంటూ డబ్బా కట్టేస్తున్నారు.

గురువారం పదికి ఐదు నిమిషాలు. రేవు గట్టు మీద ఇసకేస్తే రాలనంత జనం. ఆఫీసరు వచ్చి చాప చూశాడు, మోటారు చూశాడు, లైఫు జాకెట్లు లెక్కపెట్టాడు. “గాలి మీద, అదిగో, నీళ్ళలో ఆ తెల్లరాయి దాకా వెళ్ళండి. అక్కడ చాప దించి, మోటారు మీద తిరిగొచ్చి, గట్టుకి తగలకుండా ఆపండి. అంతే.”

మామయ్య ఎర్ర తాడు మణికట్టుకి తగిలించుకుని వెనక కూర్చున్నారు. మా ఆయన నాకు చెయ్యి అందించారు. “రా, ఎక్కు.”

“అది ఎక్కదు,” అన్నారు మామయ్య.

“వెనక బరువుండాలి నాన్నా. నువ్వు ఎంత, గాలికెగిరే కాగితమంత.”

“వద్దన్నానా!”

మా ఆయన ముఖం ఎర్రబడింది. “పది రోజులు మోటారు వద్దన్నావు. ఇవాళ దీన్ని వద్దంటున్నావు. అసలు ఈ పరీక్ష నెగ్గడం నీకిష్టమేనా? అందరి ముందూ చెప్పు!”

ఆఫీసరు గడియారం చూశాడు. మామయ్య నా వైపు చూశారు. నా గుట్టు కాపాడటానికి ఆయన దగ్గర ఒకే ఒక్క మార్గం ఉంది, తన గుట్టు విప్పడం.

“అది ఎందుకెక్కకూడదంటే,” అన్నారు నెమ్మదిగా, “ఈ వెనక పలకని నేను...”

ఆ మాట పూర్తయితే ఆఫీసరు పడవని కదలనివ్వడు. రేవు మామయ్యని ఇంకెప్పుడూ పిలవదు.

“నాకు మూడో నెల!” అని అరిచాను.

నా గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. అవతలి గట్టున వలలు ఆరేసుకునేవాళ్ళు కూడా తిరిగి చూశారు. నాకు అందించిన మా ఆయన చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది.

“ఏమన్నావ్?”

“మూడో నెల. అందుకే మామయ్య వద్దంటున్నారు. ఆయన కనిపెట్టేశారు.”

“ఈయనకి తెలుసా!” అంది అత్తయ్య నా వెనక నుంచి. “ఇరవై నాలుగు గంటలూ ఇది నా కళ్ళముందు తిరుగుతుంటే నాకు తెలీదు, చెక్కముక్కలు తప్ప మనుషుల్ని చూడని ఈయనకి తెలుసా?”

ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. “శుభం. సంతోషం. కానీ పదైంది. వెనక ఎవరు కూర్చుంటారు?”

అత్తయ్య చిట్టిని నా చంకలో పెట్టింది. చెప్పులు విడిచింది. అంచు పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, ముప్పై ఏళ్ళలో మొదటిసారి పడవలోకి దిగింది. పడవ ఒక్క ఊపు ఊగింది. “కదిపావంటే చంపుతా,” అంది మామయ్యతో, “నీతో ఇంటికెళ్ళాక మాట్లాడతా.”

“బరువు బాగా సరిపోయింది,” అన్నాడు స్పానరు బాబాయి. గట్టంతా ఘొల్లుమంది.

చాప గాలి పట్టుకుంది. పడవ సాఫీగా తెల్లరాయి దాకా వెళ్ళింది. దారి పొడుగునా మా ఆయన ముందుకి చూడకుండా వెనక్కి, నా వైపే చూస్తున్నారు. రాయి దగ్గర మామయ్య మోటారు స్టార్టు చేసే తాడు లాగారు. ఒకటి. రెండు. మూడోదానికి మోటారు అందుకుంది. చాప దిగింది. పడవ వెనక భాగం లేవలేదు. చప్పుడు కుట్టుమిషను చప్పుడులా ఒకే తీరున వస్తోంది.

“బావుంది,” అన్నాడు ఆఫీసరు, పెన్ను మూత తీస్తూ. “తిప్పుకొచ్చేస్తే సంతకం పెట్టేస్తాను.”

పడవ తిరగలేదు.

“ఏంటది, తిప్పడం రాదా?”

“రాక కాదు సార్,” అన్నాడు బాబాయి. ముఖంలో నవ్వు లేదు. “జోరు పెంచాడు. చప్పుడు వినండి.”

పడవ తెల్లరాయి దాటేసింది. రాయి అవతల రేవు కాదు, దీవి దారి. అక్కడ నీళ్ళు తెల్లగా విరుగుతున్నాయి.

“నేనక్కడికి పొమ్మనలేదు!” ఆఫీసరు గట్టు చివరికి పరిగెత్తాడు. “వెనక్కి రమ్మనండి! ఆ ముసలాయనకి మతి పోయిందా?”

మతి పోలేదు. ఆ గట్టు మీద అంతమందిలో నాకొక్కదానికే తెలుసు. చదునైన నీళ్ళలో ఏ పలకైనా నిలబడుతుంది. నర్సమ్మ ఆనుకుని కూర్చోబోయేది చదునైన నీళ్ళలో కాదు. మామయ్య ఆఫీసరుకి మోటారు చూపించడం లేదు. మూడేళ్ళ నాటి తన తప్పుని, తన భార్యనీ కొడుకునీ పక్కన కూర్చోబెట్టుకుని, తానే నిలదీస్తున్నారు.

“తాతా, ఇంకా! ఇంకా దూరం!” చిట్టి చప్పట్లు కొడుతోంది.

మొదటి పెద్ద అల పడవ ముక్కుని ఎత్తింది. తరవాత అల చాటున పడవ మొత్తం కనపడకుండా పోయింది. చాపకొయ్య కొస ఒక్కటే కనిపిస్తోంది, అటూ ఇటూ ఊగుతూ. చిట్టి అరచేతులు రెండూ నా చేతిలో పట్టుకుని, చెవులు రిక్కించాను.

చప్పుడు ఉంది. ఉంది. ఇంకా ఉంది.

రెండో అల మొదటిదానికన్నా పెద్దది.